భవనం సరే, తాళం ఎవరు తీస్తారు?

పురపాలక లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లు కూర్చున్నాక నాకొక చెడ్డ అలవాటు మిగిలింది. ఏ బడ్జెట్ పుస్తకం చేతికొచ్చినా చివరి పేజీ నుంచి వెనక్కి చదువుతాను. ముందు పేజీల్లో ఉపన్యాసం ఉంటుంది, అసలు సంగతి వెనక అనుబంధాల్లో ఉంటుంది. నగర కౌన్సిల్ బడ్జెట్ గురించి ఈ నెల మీరు పంపిన ఉత్తరాలను కూడా అదే పద్ధతిలో, కట్టకు అడుగున ఉన్నది ముందు తీసి చదివాను.

*ప్రశ్న: మేడం గారూ, మా పేటకి గ్రంథాలయం కావాలని నలభైమంది సంతకాలతో బడ్జెట్ సమావేశానికి వెళ్లాం. నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. అందరూ శ్రద్ధగా విన్నారు, ఒకాయన చప్పట్లు కూడా కొట్టారు. గంట తిరక్కుండా బడ్జెట్‌ని ఉన్నదున్నట్టు ఆమోదించారు. మా మాటకి విలువే లేదా? (ఒక పాఠకురాలు)*

మీ మాటకి విలువ లేక కాదండీ. మీరు వెళ్లిన రోజు అలాంటిది. రైలు కదిలాక టికెట్ కొన్నట్టయింది.

కౌన్సిల్ ముందుకి వచ్చేసరికి రాబడి, ఖర్చు రెండు వైపులా కూడి, సరిచూసి, మొత్తాలు కట్టేసి ఉంటాయి. అప్పుడు మీ గ్రంథాలయాన్ని చేర్చాలంటే ఇంకొకరి కాలవనో రోడ్డునో కోయాలి. ఆ ఇంకొకరు కూడా ఆ హాల్లోనే కూర్చుని ఉంటారు! అంతకు కొన్ని నెలల ముందు, వచ్చే ఏడాదికి ఎంత కావాలో రాసి పంపమని ఒక్కో విభాగానికీ కాగితం వెళుతుంది. ఆ రోజుల్లో ఒక కొత్త పద్దు చేరడానికి ఒక ఇంజనీరు కలం చాలు. కౌన్సిల్ ఆర్థిక కమిటీ దాకా వచ్చాక ఒక సభ్యుడు గట్టిగా వాదించాలి. సమావేశం రోజున సగం సభ కదలాలి. కాబట్టి లెక్కల విభాగానికి వెళ్లి, విభాగాల నుంచి అంచనాలు ఎప్పుడు అడుగుతారో తెలుసుకోండి. చప్పట్లు లేకపోయినా ఫరవాలేదు, ఆ వారంలో వెళ్లండి.

ఇక మీరు జతచేసిన అర్జీ ప్రతి చూశాను. భవనం కావాలని అడిగారు. అంతే అడిగారు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

నా సర్వీసులో ఒకచోట (ఊరి పేరు వద్దు) చదువుకునే గది ఒకటి కట్టారు. చక్కటి గది, రెండు వైపులా కిటికీలు. కట్టడం బిల్లు నా బల్ల మీదుగానే వెళ్లింది, నేనే సరిచూసి సంతకం పెట్టాను. రిబ్బను కత్తిరించారు. మర్నాడు తాళంచెవి మా విభాగానికి వచ్చింది. గది తెరిచి కూర్చునే మనిషికి పోస్టు లేదు, జీతానికి పద్దు లేదు, దీపాల కరెంటుకీ లేదు. దాదాపు రెండేళ్లు ఆ చెవి నా సొరుగులో పిన్నుల డబ్బా పక్కనే పడి ఉంది. నెలకో ఇద్దరు పిల్లలు వచ్చి అడిగేవాళ్లు. అటెండరు ఖాళీగా ఉంటే పంపేదాన్ని, లేకపోతే రేపు రమ్మనేదాన్ని. కట్టే ఖర్చుని పైసాతో సహా సరిచూసిన నేను, నడిపే ఖర్చు ఏదని ఆ ఫైలు మీద ఒక్క ముక్క రాయలేదు. రాసి ఉండాల్సింది.

బడ్జెట్‌లో మూలధన ఖాతా వేరు, రెవెన్యూ ఖాతా వేరు. కట్టడం మొదటిదాంట్లో ఒక్కసారి పడుతుంది. జీతం, కరెంటు, పుస్తకాలు, కారే కప్పుకి మరమ్మతు రెండోదాంట్లో ఏటా పడుతూనే ఉంటాయి. పుస్తకంలో ఈ రెండూ ఎక్కడెక్కడో ఉంటాయి గనక ఒకటి చూసినవాళ్లకి రెండోది కనపడదు. పైగా కట్టడానికి పైనుంచి నిధి తేవడం తేలిక, నడపడానికి ఎవరూ ఇవ్వరు. కాబట్టి వచ్చేసారి మీ కాగితంలో స్థలం ఎవరిదో రాయండి, ఇంజనీరు అంచనా జతచేయండి, దాని కిందే ఏడాదికి నడిపే ఖర్చు విడివిడిగా రాయండి. ఏ పద్దులో వరసగా రెండేళ్లు డబ్బు మిగిలిపోయిందో వెతికి, అందులోంచి ఇవ్వమనండి. అర్జీ పట్టుకుని వచ్చేవాళ్లని రోజూ చూసే అధికారి, డబ్బు ఎక్కడుందో చూపించేవాళ్లని చూసి కుర్చీలో సర్దుకు కూర్చుంటాడు. అసలు ముందు, ఇప్పటికే తాళం వేసి ఉన్న మున్సిపల్ గది ఏదైనా మీ పేటలో ఉందేమో చూడండి. ఉంటే మీరు అడగాల్సింది మనిషినే.

*ప్రశ్న: నేను మొదటిసారి కౌన్సిల్‌కి ఎన్నికయ్యాను. మూడువందల పేజీల బడ్జెట్ పుస్తకాన్ని సమావేశానికి ముందురోజు సాయంత్రం ఇంటికి పంపారు. ఒక్క రాత్రిలో ఏం చదవాలి? (ఒక కౌన్సిలర్)*

ముందు ఒక పెన్సిల్ తీసుకోండి. పెన్ను వద్దు, సగం గీతలు చెరపాల్సి వస్తుంది. కిందటి ఏడాది బడ్జెట్ పుస్తకం కూడా తెప్పించి పక్కన పెట్టుకోండి.

ప్రతి పద్దుకీ గడిచిన ఏడాది వాస్తవ లెక్క, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా అని నిలువు వరసలు ఉంటాయి. నిరుడు సభలో ఎంతో ఉత్సాహంగా ప్రకటించిన కేటాయింపు వాస్తవ లెక్కలోకి వచ్చేసరికి ఎంతయిందో చూడండి. ఏటా పెద్ద అంకె పెట్టి ఏటా ఖర్చు చేయని పద్దులు కొన్ని దొరుకుతాయి. మా విభాగంలో వాటిని గోడకు తగిలించిన పటాలనేవాళ్లం. ఆ తర్వాత రాబడి వైపు వెళ్లి, ఆస్తిపన్ను అంచనా ఉన్నట్టుండి ఎక్కడైనా ఎగిరిందా చూడండి. కొత్త ఇళ్లు రాకుండా, పన్ను పెంచకుండా, బకాయిల వసూలు మెరుగుపడకుండా రాబడి పెరిగిందంటే, ముందు ఖర్చు రాసుకుని దానికి సరిపడా రాబడిని ఎవరో ఊహించారన్నమాట.

మూడోది, ఒక్కసారి వచ్చే డబ్బు. స్థలం అమ్మకం, దీర్ఘకాలపు లీజు వగైరా. షికాగో సంగతి చెబుతాను. 2008 డిసెంబరులో ఆ నగరం వీధుల్లోని 36,000 పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకి ఒక ప్రైవేటు సంస్థకి సుమారు 115 కోట్ల డాలర్లకి రాసిచ్చింది. మేయరు ప్రకటించిన రెండు మూడు రోజుల్లోనే కౌన్సిల్ 40–5 ఓట్లతో ఆమోదించేసింది. నగరానికే చెందిన ఇన్‌స్పెక్టర్ జనరల్ (పోలీసు కాదు, నగర పాలనని తనిఖీ చేసే అధికారి) మరుసటి ఏడాది లెక్కకట్టి, కనీసం 97 కోట్ల డాలర్లు తక్కువకి ఇచ్చేశారని తేల్చాడు. వచ్చిన డబ్బులో చాలా భాగం కొన్నేళ్లలోనే బడ్జెట్ లోటు పూడ్చడానికి కరిగిపోయింది. లీజు మాత్రం ఈ శతాబ్దం ఎనభైల దాకా నడుస్తుంది.

ఆ 40 మందీ చెడ్డవాళ్లని నేననను. చదవడానికి వ్యవధి లేని కాగితం మీద చెయ్యెత్తారు. మీకూ ముందురోజు సాయంత్రమే ఇచ్చారు కదా. రేపు సభలో లేచి, పుస్తకం ఎప్పుడు అందిందో తేదీ, సమయంతో సహా చెప్పి మినిట్స్‌లో రాయించండి. వాయిదా వేస్తారని కాదు. వచ్చే ఏడాది వారం ముందు పంపుతారు.

*ప్రశ్న: అద్దెకుండేవాళ్లు ఆస్తిపన్ను కట్టరు. బడ్జెట్ మీద వాళ్ల ప్రతిపాదనలు ఎందుకు వినాలి? (ఒక ఇంటి యజమాని)*

కడతారండీ. మీరు అద్దెలో కలిపి తీసుకుని, రసీదు మీ పేరున తీసుకుంటున్నారు. తర్వాతి ఉత్తరం.

*ప్రశ్న: మా నగరానిది మిగులు బడ్జెట్ అని ఘనంగా ప్రకటించారు. మా తమ్ముడు చిన్న కాంట్రాక్టరు, ఏడాదిగా బిల్లు రాలేదు. రెండూ ఎలా నిజమవుతాయి? (ఒక పాఠకుడు)*

శుభ్రంగా అవుతాయి. చెల్లించినప్పుడే ఖర్చుగా రాసే లెక్కలో, చెల్లించని బిల్లు ఖర్చే కాదు. మీ తమ్ముడికి ఇవ్వాల్సిన డబ్బే ముగింపు నిల్వ అనే అందమైన పేరుతో చివరి పేజీలో కూర్చుంటుంది. తెచ్చిన అప్పు కూడా జమ వైపే పడుతుంది. చేతికి రాని పన్నుని రాబడిగా చూపిస్తే మిగులు ఇంకా లావెక్కుతుంది.

ఇలాంటి లెక్కలతో కొన్నేళ్లు బాగానే నడిచిపోతుంది. న్యూయార్క్ అలాగే నడిచింది. రోజువారీ ఖర్చులకి అప్పు తెచ్చి, వస్తుందో రాదో తెలియని రాబడిని చూపించి స్వల్పకాలిక అప్పు పత్రాలు అమ్ముతూ పోయింది. 1975 వసంతానికల్లా బ్యాంకులు ఇక ఇవ్వమన్నాయి. ఆ జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం నగరం తరఫున అప్పు తేవడానికి ప్రత్యేకంగా ఒక సంస్థనే పెట్టాల్సి వచ్చింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. 1847లో మొదలైన ఉచిత కళాశాల సంప్రదాయానికి వారసురాలైన నగర విశ్వవిద్యాలయం 1976లో ఫీజులు పెట్టింది.

మిగులెంత అని మీరు అడగకండి. ఏడాది చివరి రోజుకి పని పూర్తయి, చెల్లించాల్సి ఉండిపోయిన బిల్లులు ఎన్ని, మొత్తం ఎంత? ఈ ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా ఇవ్వండి. జవాబు ఆలస్యమైతే అదీ ఒక జవాబే. తమ్ముడికి నా సానుభూతి.

*ప్రశ్న: ప్రజలే ఓటేసి పనులు ఎంచుకునే బడ్జెట్లు కొన్ని నగరాల్లో ఉన్నాయట. నిజంగా పనిచేస్తాయా, ఫొటోల కోసమా? (ఒక కాలనీ సంఘం కార్యదర్శి)*

రెండూ చూశాం. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989లో మొదలైంది. అప్పుడే గెలిచిన వర్కర్స్ పార్టీ మేయరు ఒలీవియో దుత్రా హయాం అది. నగరాన్ని 16 ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కోచోట జనాన్ని సభకి పిలిచి మీకేం కావాలని అడిగారు. జనం చెప్పారు. ఖజానాలో చూస్తే రాబడిలో అత్యధిక భాగం జీతాలకే పోతోంది! చెప్పిన పనులు కాలేదు. మరుసటి ఏడాది సభలు పలచబడ్డాయి. ఆ తర్వాత పన్నులు సవరించి, రాబడి పెంచుకుని, పనులు కళ్లకి కనపడడం మొదలయ్యాకే జనం మళ్లీ వచ్చారు. చెప్పుకునేవాళ్లు ఈ మధ్య భాగాన్ని దాటేస్తుంటారు. నాకు మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

ఇంకో తెలివైన పని చేశారు. ఎక్కువ మంది చేతులెత్తిన ప్రాంతానికే డబ్బు ఇవ్వలేదు. జనాభా ఎంత, ఆ సదుపాయం అక్కడ ఎంత కొరవడింది, ఆ ప్రాంతంవాళ్లు దానికి ఎన్నో స్థానం ఇచ్చారు అన్నవాటికి మార్కులు వేసి పంచారు. గొంతు పెద్దదైన పేటకి కాకుండా, మురుగుకాలవ లేని పేటకి వాటా పెరిగింది. ఒప్పుకున్న పనులన్నీ ఏటా పుస్తకంగా అచ్చేసి పంచేవాళ్లు. వీధిలో మనిషి ఆ పుస్తకం పట్టుకుని వచ్చి, ఇదుగో మా పని, ఏది అని అడగగలిగేవాడు. లెక్కల మనిషిగా నాకు ఓటింగుకన్నా ఆ పుస్తకం మీదే ఎక్కువ గురి. 1988లో 75 శాతం ఇళ్లకే ఉన్న నీటి, మురుగు కనెక్షన్లు 1997కి 98 శాతానికి చేరాయని ప్రపంచ బ్యాంకు లెక్క చెబుతోంది. తర్వాత పార్టీలు మారాయి, డబ్బు తగ్గింది, పట్టు సడలింది. 2017లో దాన్ని నిలిపేశారు.

పారిస్ 2014లో మొదలుపెట్టి, పెట్టుబడి బడ్జెట్‌లో 5 శాతం ప్రజల ఓటుకి వదిలింది. అక్కడ నివసిస్తే చాలు, జాతీయత అడ్డం కాదు. న్యూయార్క్‌లో 2011లో నలుగురు కౌన్సిల్ సభ్యులు తమకు కేటాయించిన నిధులతో ప్రారంభించారు. కానీ ఈ రెండు చోట్లా ఓటుకి పెట్టేది ప్రధానంగా కట్టే డబ్బునే. న్యూయార్క్‌లో అయితే ఆ ఆస్తి కనీసం ఐదేళ్లు నిలవాలి. మనిషి జీతానికి ఆ డబ్బు పనికిరాదు. పై ఉత్తరంలో నా సొరుగులో ఉన్న తాళంచెవి గుర్తొచ్చిందా? నాకూ వచ్చింది.

మీ కౌన్సిల్‌ని అడగదలిస్తే వాటా ఎంతో ముందు అడగండి. నూటికి ఒకటి ఇచ్చి నూరు ఫొటోలు దిగుతామంటే మీ సంఘం సాయంత్రాలు వృథా చేసుకోవద్దు. నూటికి ఐదు ఇచ్చి, గెలిచిన పనులకి నడిపే ఖర్చు కూడా రెవెన్యూ ఖాతాలో రాస్తామంటే వెంటనే కూర్చోండి.

*ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. బడ్జెట్ సమావేశం చూడ్డానికి వెళ్లొచ్చా? అది పెద్దవాళ్ల పని అంటోంది అమ్మ. (ఒక విద్యార్థిని)*

న్యూయార్క్‌లో ఇందాక చెప్పిన ఓటు 11 ఏళ్ల పిల్లలు కూడా వేస్తారమ్మా. చూడ్డానికి నీకేం తక్కువ? చాలా కౌన్సిళ్లలో ప్రేక్షకులకి వేరే వరస ఉంటుంది, ముందు ఆఫీసులో అడిగి వెళ్లు. అజెండా ప్రతి ఒకటి ఇమ్మను. మొదటి గంట అంతా ఉపన్యాసాలు, అరుపులు. విసుగొచ్చినా లేవొద్దు. ఆఖర్న పద్దులు ఒక్కోటీ చదివి, ఆమోదం, ఆమోదం అంటూ పోతారు. నువ్వు తీసుకెళ్లిన కాగితం మీద, ఎవరూ నోరు విప్పకుండా దాటిపోయిన ప్రతి పద్దుకీ ఒక గీత గియ్యి. మొత్తం ఎన్ని గీతలయ్యాయో నాకు రాయి. అమ్మని కూడా తీసుకెళ్లు.