పర్లాకిమిడిలో నీలమణి అంటే ఎవరు?

మీ పేరు ఎవరు పెట్టారు, దానితో ఇబ్బందులేమైనా పడ్డారా, మార్చుకోవాలనిపించిందా అని అడిగారు. నా పేరు నీలమణి, మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. పాతపట్నంలో నీలమణి దుర్గమ్మ వెలసి ఉన్నందువల్ల శ్రీకాకుళం వైపు వారికి ఇది ఆడపిల్ల పేరని వేరే చెప్పనక్కరలేదు. ఒడియా వారికి నీలమణి అంటే కృష్ణుడు, అందువల్ల వారిలో అది మగవారి పేరు. నా పేరుకు వచ్చిన చిక్కంతా ఇదే.

మా అమ్మ కన్నవారిది పాతపట్నం. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే వచ్చే ఊరే అది. నేను కడుపులో ఉండగా అమ్మకు జబ్బు చేస్తే, ఆడపిల్ల పుడితే అమ్మవారి పేరే పెడతానని అమ్మమ్మ మొక్కుకున్నదట. నాన్న తన తల్లి పేరు మనసులో పెట్టుకుని బారసాలకు వచ్చారు గాని, మొక్కు అనేసరికి ఆయన మాట చెల్లలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది, పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. మొక్కులు, పెళ్లి సంబంధాలు, సంతకు వెళ్లే బుట్టలు ఆ సరిహద్దును ఎన్నడూ లెక్కచేయలేదు; లెక్కచేసినవి కాగితాలు మాత్రమే.

ఇంటర్మీడియట్ చదువుకు నన్ను బరంపురంలో ఒక కళాశాలలో చేర్చారు. నాన్న ట్రంకుపెట్టె, నేను పరుపుచుట్ట మోసుకుని వెళ్లి, ఆడపిల్లల వసతిగృహం జాబితా రెండుసార్లు చదివినా నా పేరు కనిపించలేదు. ఇంతలో అవతలి వరండాలో ఒక గుమాస్తా మగపిల్లల జాబితా పట్టుకుని "నీలమణి బాబు కాహాంతి?" అని, అంటే నీలమణి బాబు ఎక్కడ అని, గట్టిగా పిలుస్తున్నాడు. నాన్న నన్ను ముందుకు నెట్టి, నీలమణి ఈ అమ్మాయేనని ఒడియాలోనే చెప్పారు. గుమాస్తా నా జడ వైపు చూసి, దరఖాస్తు వైపు చూసి, నీలమణి రౌత్రాయ్ అంతటి ముఖ్యమంత్రికి ఉన్న పేరు ఆడపిల్లకు ఎట్లా పెట్టారని నాన్నను నిలదీశాడు. నాన్న పాతపట్నం అమ్మవారి సంగతి మొదలుపెట్టగానే, వరండాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులందరూ చుట్టూ చేరి తలా ఒక సాక్ష్యం చెప్పారు. చివరకు గుమాస్తా విసిగి, ఒడియా ఆడపిల్లలకు చేర్చినట్లే నా పేరు చివర "కుమారి" చేర్చి, ఇక ఎవరూ పొరబడరని హామీ ఇచ్చి, ఆడపిల్లల వైపు గది ఇప్పించాడు.

ఆ ఉపకారం నన్ను ఉద్యోగం చివరిదాకా వెంటాడింది. పదవ తరగతి పత్రంలో ఒక పేరు, తరువాతి పత్రాలన్నిటిలో మరొక పేరు! దానికి తోడు మన ఇంటిపేరు ముందు ఉంటుందన్న సంగతి అక్కడి దరఖాస్తులకు పట్టదు. దానిని చివరకు తోసి, అదే నా పేరన్నట్లు పిలుస్తారు, ఇంటిపేరుతో పిలిస్తే మా నాన్న పలకాలో నేను పలకాలో తెలిసేది కాదు. ప్రతి దరఖాస్తులోనూ పేరును మూడు గడులుగా కోసే పద్ధతిని కనిపెట్టినవాడు సరిహద్దు జిల్లాలో ఒక్కరోజు కూడా ఉండి ఉండడని నా గట్టి నమ్మకం.

అయినా పేరు మార్చుకోవాలని నాకు ఏనాడూ తోచలేదు. ఊరి దేవత పేరు పెట్టుకున్న పిల్లలకు గుండె ధైర్యం ఎక్కువ ఉంటుందని నేను అంటాను; రుజువు అడిగితే మా అప్పలనరసమ్మలను, పైడితల్లులను, ముఖలింగాలను చూపిస్తాను. ఇప్పుడు మా వీధిలో పుట్టే పిల్లలకు ఏ ఊరికీ చెందని రెండక్షరాల పేర్లు పెడుతున్నారు. వాటికి అర్థం ఏమిటని అడిగితే తల్లులు ఫోను తీసి వెతుకుతున్నారు. మా అమ్మమ్మను అడిగి ఉంటే గుడి దాకా చేయి పట్టుకుని తీసుకువెళ్లి చూపించేది.

పదవీ విరమణకు ముందు, పింఛను ఆగిపోతుందన్న భయంతో, నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి పత్రాలన్నీ ఒక్క పేరు మీదికి తెచ్చాను. బ్యాంకు మాత్రం ఇంతవరకు సరిదిద్దలేదు, అందువల్ల మనుమలను ఎత్తుకుని వెళ్లినా ఆ కౌంటరులో నేను నీలమణి కుమారినే.