క్యాంపస్ ఉద్యోగం వదిలి ఐఓటీ రీసెర్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ ఫైనలియర్. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. అది వద్దు, ఐఓటీ (వస్తువులను ఇంటర్నెట్‌కు కలిపే టెక్నాలజీ), వైర్‌లెస్‌లో రీసెర్చ్ చేస్తానంటోంది. ఎంటెక్ మేలా, ఎంఎస్ బై రీసెర్చా? చదువు అయ్యేసరికి పెళ్లి వయసు దాటిపోతుందని మా టెన్షన్.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ అసలు ప్రశ్న ఆ చివరి వాక్యమే కాబట్టి ముందు దాని సంగతి. ఇంకో రెండు మూడేళ్లు చదివితే ఏ వయసూ దాటిపోదండీ. అబ్బాయి అయితే ఈ మాట రాసేవారా? చేతిలో ఉద్యోగం ఉండి కూడా కష్టమైన దారి అడిగిందంటే ఆలోచించుకునే అడిగింది. డబ్బు భయమా? గేట్ స్కోరుతో ఐఐటీలో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది.

నా అనుమానమంతా ఐఓటీ అన్న పేరు మీదే. ఆ పేరుతో చాలా కాలేజీలు బ్రాంచీలు తెరిచాయి. ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై సర్క్యూట్ బోర్డు కొని, ఫోన్‌తో బల్బు వెలిగించి, దాన్నే ప్రాజెక్టు అంటున్నారు. చేయి తిరగడానికి మంచిదే, రీసెర్చ్ మాత్రం కాదు.

అసలు రీసెర్చ్ ఎలా ఉంటుందంటే, ల్యాబ్‌లో ఒక చిన్న నీళ్ల ట్యాంకు ఉందనుకోండి. మట్టం చెప్పే సెన్సర్‌కూ, వాల్వు తిప్పే కంట్రోలర్‌కూ మధ్య వైరు లేదు. రీడింగ్ ఆలస్యంగా చేరితే, మట్టం ఇంకా తక్కువే అనుకుని కంట్రోలర్ వాల్వును మరింత తెరుస్తుంది. తర్వాత ఎక్కువైందని తెలిసి ఒక్కసారిగా మూసేస్తుంది. మట్టం పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ట్యాంకులో అయితే నీళ్లు పొర్లుతాయి, డ్రైవర్ లేని బండిలో అయితే ప్రాణాలే పోతాయి. ఎంత ఆలస్యాన్ని తట్టుకోవచ్చు, ఎన్ని ప్యాకెట్లు (గాలిలో పంపే డేటా ముక్కలు) పోయినా సిస్టమ్ నిలబడుతుంది, బ్యాటరీ ఎక్కువకాలం రావాలంటే సెన్సర్‌లో సిగ్నల్ పంపే రేడియోను ఎంతసేపు నిద్రపుచ్చాలి? ఇదంతా ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా, కంట్రోల్ సిస్టమ్స్. వీటిని ఇష్టంగా చదివిందో, పరీక్ష కోసం బట్టీ పట్టిందో అమ్మాయికే తెలుసు.

ఇష్టంగా చదివి ఉంటే దూరం వెళ్లనక్కర్లేదు. సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించేందుకు తిహాన్ టెస్ట్‌బెడ్ 2022లో మొదలైంది. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ తన క్యాంపస్‌లోనే సెన్సర్లు పెట్టి స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ నడుపుతోంది.

ఇక ఎంటెక్‌లో క్లాసుల వాటా ఎక్కువ, రెండేళ్లలో అయిపోతుంది. ఎంఎస్‌లో బరువంతా థీసిస్‌దే, కాలం కొంత సాగొచ్చు. ఏ సమస్య మీద పనిచేయాలో తేల్చుకున్నవాళ్లకు ఎంఎస్, ఇంకా తేల్చుకోనివాళ్లకు ఎంటెక్. ఏది చేసినా సగం గైడ్ మీదే ఆధారపడి ఉంటుంది. చేరేముందు ఆ గైడ్ దగ్గర ఇప్పుడు చేస్తున్న ఇద్దరితో మాట్లాడమనండి. ఆయన వారానికి ఎన్నిసార్లు కూర్చుంటారు, ల్యాబ్‌లో ఏ పరికరాలు పనిచేస్తున్నాయి అని అడగాలి. ఆ ఫోన్ మాత్రం మీరు చేయకండి, అమ్మాయినే చేయనివ్వండి.