నూనె తినే బ్యాక్టీరియా: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నూనె తినే బ్యాక్టీరియా ఆల్కనివోరాక్స్ బోర్కుమెన్సిస్ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన నమూనా) తెప్పించాం. గ్లూకోజ్ మీడియంలో అసలు పెరగడం లేదు. చచ్చిపోయినట్టేనా?

జవాబు: పారేయకండి. ఉత్తర సముద్రంలోని బోర్కుమ్ దీవి దగ్గర దొరికి, 1998లో పేరు పెట్టించుకున్న ఈ జీవి చక్కెరను ముట్టదు. దానికి ఆల్కేన్లు, అంటే ముడి నూనెలో ఉండే కార్బన్-హైడ్రోజన్ గొలుసులు కావాలి. పైరువేట్, అసిటేట్ అనే చిన్న ఆమ్లాల లవణాలతో కూడా సరిపెట్టుకుంటుంది.

250 మి.లీ. ఫ్లాస్కులో 50 మి.లీ. ఓఎన్ఆర్7ఏ అనే సముద్రపు నీటిలాంటి ఉప్పు మీడియం (పీహెచ్ 7.6) పోసి, ఫిల్టర్ చేసిన హెక్సాడెకేన్ (16 కార్బన్ల ద్రవ ఆల్కేన్) 0.5 మి.లీ. కలపండి. 28 డిగ్రీల దగ్గర, నిమిషానికి 150 చుట్ల షేకర్ మీద ఉంచండి. ఆల్కేన్‌ను విరిచే మొదటి మెట్టుకే ఆక్సిజన్ అవసరం, కాబట్టి మూత బిగించొద్దు, దూది బిరడా చాలు. పెరుగుదల మొదలైతే పైన తేలే నూనె పొర చిన్న చుక్కలుగా విడిపోయి ద్రవం పాలలా మారుతుంది. ఈ జీవి తయారుచేసే గ్లైకోలిపిడ్ (సబ్బులా పనిచేసే చక్కెర-కొవ్వు పదార్థం) చేసే పని అది.

మీడియం లవణాలన్నీ ఒకేసారి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో స్టెరిలైజ్ చేసే పాత్ర) పెడితే కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్‌తో కలిసి అడుగున తెల్లగా పేరుకుంటాయి. విడివిడిగా స్టెరిలైజ్ చేసి, చల్లారాక కలపాలి. గది 18 డిగ్రీలకు దిగితే హెక్సాడెకేన్ గడ్డకడుతుంది. ద్రవం మసకను బట్టి పెరుగుదల కొలిచే ఓడీ రీడింగ్‌ను నమ్మొద్దు, నూనె చుక్కలు కూడా కాంతిని చెదరగొడతాయి. పైరువేట్ కలిపిన గట్టి మీడియం ప్లేట్లపై కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) లెక్కించండి. పోల్చి చూడటానికి బ్యాక్టీరియా లేని ఫ్లాస్కు ఒకటి పక్కన తప్పనిసరి.

అందరూ మరిచిపోయేది నైట్రోజన్. కార్బన్‌తో పాటు అదీ ఉంటేనే కణాలు పెరుగుతాయి. 0.5 మి.లీ. హెక్సాడెకేన్‌లో దాదాపు 327 మి.గ్రా. కార్బన్ ఉంటుంది. మీడియంలో లీటరుకు 0.27 గ్రాముల అమ్మోనియం క్లోరైడే కాబట్టి, 50 మి.లీ.కి వచ్చే నైట్రోజన్ 3.5 మి.గ్రా. మాత్రమే. నూనె మిగిలే ఉన్నా పెరుగుదల ఆగిపోయేది ఇందుకే.

ప్రశ్న: నేలమీద డీజిల్ ఒలికింది. ఈ బ్యాక్టీరియానే చల్లవచ్చా?

జవాబు: వద్దు. ఇది ఉప్పునీటి జీవి, మామూలు మట్టిలో నిలవదు. పైగా డీజిల్‌లోని ఆరోమాటిక్‌ల (బెంజీన్ లాంటి వలయాలున్న పదార్థాలు) జోలికి పోదు. మట్టిలోనే నూనె తినే బ్యాక్టీరియా ఉంటుంది. దానికి గాలి, తేమ, ఎరువు అందించండి. కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ 100:10:1 లెక్కన, కిలో డీజిల్‌కు సుమారు 86 గ్రాముల నైట్రోజన్, అంటే 187 గ్రాముల యూరియా, దానితోపాటు 8.6 గ్రాముల ఫాస్ఫరస్ పడతాయి. యూరియా ఒక్కసారే గుమ్మరిస్తే అమ్మోనియా పెరిగి ఆ బ్యాక్టీరియానే దెబ్బతీస్తుంది. విడతలుగా వేసి, ప్రతిసారీ మట్టిని తిరగెయ్యండి.