బాడీ మార్చిన కార్ట్రిడ్జ్‌కు వారంటీ అడగొచ్చా?

ప్రశ్న: నా టర్న్‌టేబుల్‌కు (రికార్డు ప్లేయర్‌కు) కొత్త మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ కొన్నాను, అంటే రికార్డు గాడిలో నడిచే సూది కదలికను సన్నటి తీగచుట్ట (కాయిల్) ద్వారా విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న భాగం. సౌండ్ మెరుగవుతుందని దాని ప్లాస్టిక్ బాడీ తీసేసి, వేరే కంపెనీవాళ్లు చేసిన అల్యూమినియం బాడీలో నేనే అమర్చాను. కొన్ని వారాలు బాగానే పలికింది. ఇప్పుడు ఎడమ చానల్ రావడం లేదు. బాడీ మార్చినందుకు వారంటీ చెల్లదని సర్వీస్ సెంటర్ వాళ్లు ఫోన్లోనే తేల్చేశారు. పాత బాడీ నా దగ్గరే ఉంది, మళ్లీ అందులో పెట్టి పంపితే? అదీ కాదంటే ఎవరికైనా అమ్మేయొచ్చా?

జవాబు: పాత బాడీలో పెట్టి పంపే ఆలోచన మానుకోండి. మార్చిన సంగతి వాళ్లకు ఇప్పటికే తెలుసు. తెలియకపోయినా జిగురు మరకలు, పిన్నుల మీద గీతలు టెక్నీషియన్ కంటపడకుండా ఉండవు. దాచారని తేలితే, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

నోటీసుల జోలికి వెళ్లేముందు చిన్న పరీక్ష చేయండి. కార్ట్రిడ్జ్ వెనక నాలుగు పిన్నులకు నాలుగు సన్నటి వైర్లు ఉంటాయి. మామూలుగా తెలుపు, నీలం ఎడమ చానల్‌వి. ఎరుపు, ఆకుపచ్చ కుడి చానల్‌వి. యాంప్లిఫయర్ ఆపేసి తెలుపును ఎరుపుతో, నీలాన్ని ఆకుపచ్చతో తారుమారు చేసి రికార్డు పెట్టండి. ఇప్పుడు కుడి స్పీకర్ మూగబోతే లోపం కార్ట్రిడ్జ్‌లోనే. ఎడమదే మూగగా ఉంటే లోపం వైర్లలోనో ఫోనో స్టేజ్‌లోనో (కార్ట్రిడ్జ్ సంకేతాన్ని పెంచి యాంప్లిఫయర్‌కు ఇచ్చే భాగం) ఉంది, కార్ట్రిడ్జ్ కంపెనీతో మీకు తగాదాయే లేదు. మల్టీమీటర్ మాత్రం పెట్టకండి, దాని కరెంటు కాయిల్‌కు మంచిది కాదు.

లోపం కార్ట్రిడ్జ్‌లోనే అనుకుందాం. వారంటీ అంటే కంపెనీ తన షరతుల మీద ఇచ్చే హామీ. అనుమతి లేకుండా విప్పితే వర్తించదని కార్డులో రాసి ఉంటే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. అయితే వారంటీ పోయినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు. అమ్మిన నాటికే వస్తువులో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఫిర్యాదు చేయవచ్చు. ఆ చట్టంలోని 87వ సెక్షన్ చూపించి, మార్పులు చేసిన వస్తువు మీద కేసే ఉండదని కొందరు దబాయిస్తారు. అది వస్తువు వల్ల మనిషికో వేరే ఆస్తికో హాని జరిగినప్పుడు వేసే ప్రోడక్ట్ లయబిలిటీ దావాల సంగతి. వస్తువే చెడిపోవడం ఆ ‘హాని’ కిందికి రాదని నిర్వచనంలోనే ఉంది.

ఇంత చెప్పినా, మీ కేసు బలమైనదని నేను అనను. కాయిల్ తీగ వెంట్రుక కంటే సన్నం. బాడీ ఊడదీసేటప్పుడు అది తెగడం, లేదా నలిగి తర్వాత తెగడం తేలిగ్గా జరిగే పని. లోపం మొదటినుంచీ ఉందని నిరూపించాల్సింది మీరు. కొన్ని వారాలు పలికిందన్న మాట మీ చేతులు బాగానే పనిచేశాయని చెబుతుంది, అమ్మినప్పుడు వస్తువు బాగుందని కూడా చెబుతుంది. అవతలి లాయరు ఈ రెండోదాన్నే పట్టుకుంటాడు.

అందుకే ఇకమీదట దాన్ని ఎవరిచేతా విప్పించకండి. పరీక్ష లేకుండా తేలని లోపమైతే 38వ సెక్షన్ కింద కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపించవచ్చు. తిరస్కరణను కారణంతో సహా రాతపూర్వకంగా ఇవ్వమని కంపెనీకి మెయిల్ పెట్టండి. అసలు వస్తువు చూడకుండానే కాదన్నారంటే ఆ కాగితం మీకే పనికొస్తుంది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. లాయరు లేకుండా మీరే వేసుకోవచ్చు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి చూడండి. పాత కార్ట్రిడ్జ్ తీసుకుని తక్కువ ధరకు కొత్తది ఇచ్చే పద్ధతి కొన్ని కంపెనీల్లో ఉంది. బాడీ మార్చినదాన్ని తీసుకుంటారేమో అడగండి. నా లెక్కలో కేసు కంటే అదే చవక.

అమ్మకం సంగతి. అసలైన వస్తువును తిరిగి అమ్ముకోవడం ట్రేడ్‌మార్క్ ఉల్లంఘన కాదు. కానీ 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం, వస్తువు స్థితి మారిపోతే ఆ పేరుతో అమ్మడాన్ని కంపెనీ అభ్యంతరపెట్టవచ్చు. ఒక్క పీసు అమ్మితే మీ వెంట పడతారని కాదు. బాడీ వేరే కంపెనీదనీ, నేనే మార్చాననీ, ఎడమ చానల్ పలకడం లేదనీ ప్రకటనలోనే రాయండి, కొన్నవారికి ఇచ్చే రసీదులో కూడా అదే ఉండాలి.