హెన్రీ మాటలు డోరియన్ నోట

అమ్మాయీ,

ఆస్కార్ వైల్డ్ నవల ‘ద పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే’ మీద నువ్వు రాసి పంపిన పేజీలు చదివాను. లార్డ్ హెన్రీ అనే పెద్దమనిషి మాటలతోనే డోరియన్ అనే కుర్రాణ్ణి ఎలా చెడగొడతాడన్న అంశం బాగుంది. కానీ పేజీల నిండా లార్డ్ హెన్రీ చమత్కారాలే ఉన్నాయి. సగం కొట్టెయ్. అవి ఎత్తి రాసేకొద్దీ నువ్వూ అతని బుట్టలో పడుతున్నావు. ఆస్కార్ వైల్డ్ ఆ పాత్రను మలిచిన తీరే అది, చదివేవాళ్లు కూడా నవ్వుకుంటూ తలూపేస్తారు.

నా సలహా ఒకటే. హెన్రీ మాట్లాడే చోట కాదు, ఆ తర్వాత డోరియన్ నోరు విప్పే చోట పెన్సిల్ గీత పెట్టు.

ఏ ప్రతి చదువుతున్నావో ముందు చూసుకో. 1890లో లిప్పిన్‌కాట్స్ పత్రికలో వచ్చినప్పుడు దీనికి 13 అధ్యాయాలు, 1891లో పుస్తకమయ్యేసరికి 20. నేను చెప్పే అంకెలు పుస్తకానివి.

రెండో అధ్యాయం నిదానంగా చదువు. డోరియన్‌ను పాడుచేయకు, నీ ప్రభావం వాడి మీద పడనీయకు అని, అతని బొమ్మ గీస్తున్న చిత్రకారుడు బేసిల్ అంతకుముందే హెన్రీని బతిమాలుకున్నాడు. కాసేపటికే హెన్రీ ఆ కుర్రాడితోనే, మంచి ప్రభావమంటూ ఏదీ ఉండదు, ప్రభావమన్నది ఏదైనా అనైతికమే, ఎదుటివాడికి మన ఆత్మను ఇచ్చేయడమే అది అంటాడు. ఆ అనైతికమైన పనే మొదలుపెడుతూ ఆ మాట అంటున్నాడు, చూశావా! డోరియన్ తబ్బిబ్బై ‘ఆపండి’ అని, దాదాపు పది నిమిషాలు కదలకుండా నిలబడిపోతాడు. అక్కడ వైల్డ్ రాసిన ఒక వాక్యం నువ్వు వదిలేశావు. ఏవో కొత్త ప్రభావాలు తనలో పనిచేస్తున్నాయని డోరియన్‌కు లీలగా తెలుస్తుంది, అయినా అవి నిజానికి తనలోంచే వచ్చాయనిపిస్తుంది. నీ పేపర్ మొత్తం ఈ వాక్యం మీద నిలబెట్టు. బయటివాడు నూరిపోస్తున్నాడని తెలిస్తే ఎవడైనా ఎదురు తిరుగుతాడు. నా ఊహే అనుకున్నాక ఇక దేనికి ఎదురు తిరుగుతాడు?

అక్కణ్ణుంచి ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలకు వెళ్లు, నవలకు గుండెకాయ ఆ రెండే. నటి సిబిల్ వేన్‌ను డోరియన్ ముందు రోజు రాత్రి కసిరి వదిలేశాడు. మర్నాడు పశ్చాత్తాపపడి ఆమెకు పేజీల కొద్దీ ఉత్తరం రాశాడు, పెళ్లి చేసుకుందామనుకున్నాడు. అంతలో హెన్రీ వచ్చి ఆమె చనిపోయిందని చెబుతాడు. నేనే చంపాను అంటాడు డోరియన్. ఆ మాట ఇంకా అతని సొంతమే. హెన్రీ మాటల గారడీ మొదలుపెడతాడు. ఆ పిల్ల నిజంగా బతికిందే లేదు కాబట్టి నిజంగా చావనూ లేదట, ఆమె వేసిన పాత్రల కోసం ఏడ్చుకో గాని ఆమె కోసం కన్నీళ్లు వృథా చేసుకోకు అంటాడు. కాస్త మౌనం తర్వాత డోరియన్, నన్ను నాకే విడమరచి చెప్పావు హ్యారీ, అని తేలికపడతాడు. హ్యారీ అంటే హెన్రీయే. గంట తిరిగేసరికి ఒపేరాలో ఉంటాడు.

మర్నాడు పొద్దున బేసిల్ ఓదార్చడానికి వస్తే డోరియన్ మాట్లాడేది అచ్చం హెన్రీలాగే. ఇదంతా హ్యారీ ప్రభావమే, నీలో దయ అన్నది లేనట్టు మాట్లాడుతున్నావు అంటాడు బేసిల్. డోరియన్ జవాబు చూడు: హ్యారీకి నేను చాలా రుణపడ్డాను, నువ్వు నాకు నేర్పింది అందం చూసుకుని మురిసిపోవడమే. బేసిల్‌ను మచ్చలేనివాడిగా రాసేవాళ్లకు ఈ మాట అడ్డొస్తుంది, నువ్వు మాత్రం దాటేయకు.

హెన్రీకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. డబ్బు అడగడు, పదవి అడగడు. మనుషుల మనసుల్ని బతికుండగానే కోసి చూసే కుతూహలం, అంతే. అందుకే అతన్ని మామూలు దుర్మార్గుడి గాటన కట్టకు.

తర్వాత డోరియనే హెన్రీ అవుతాడు. పన్నెండో అధ్యాయంలో బేసిల్, నీ స్నేహం కుర్రాళ్లకు ఎందుకింత ప్రాణాంతకమవుతోంది అని నిలదీసి పేర్లు వరసగా చెబుతాడు. వాళ్లలో ఏడ్రియన్ సింగిల్టన్ పదహారో అధ్యాయంలో నల్లమందు కొట్టులో కనిపిస్తాడు.

పందొమ్మిదో అధ్యాయంతో పేపర్ ముగించు. నువ్విచ్చిన పుస్తకంతో నన్ను విషపూరితం చేశావు, అది ఇంకెవరికీ ఇవ్వనని మాటివ్వు అని డోరియన్ అడుగుతాడు. పుస్తకం విషమెక్కించడమన్నదే లేదు, కళకు చేతల మీద ప్రభావమే ఉండదు అంటాడు హెన్రీ. రెండో అధ్యాయంలో అతనే అన్న మాటతో దీన్ని పోల్చి చదువు. అప్పటికే బేసిల్‌ను చంపేసిన డోరియన్, అతన్ని నేనే చంపానంటే ఏమంటావు అని అడిగినా, హత్య చేయడం నీవల్ల కాదని హెన్రీ కొట్టిపారేస్తాడు. తను తయారుచేసిన మనిషి ఎదురుగా కూర్చున్నా అతనికి తెలియదు.

1895లో వైల్డ్ వేసిన పరువునష్టం కేసులో ఎదుటి పక్షం న్యాయవాది ఎడ్వర్డ్ కార్సన్ ఈ నవల పట్టుకునే వైల్డ్‌ను గుచ్చి గుచ్చి అడిగాడు. దానికి ఒక పేరా చాలు. రచయిత జీవితం తెచ్చి పాత్రలకు అంటగడితే అసలు విషయం దారి తప్పుతుంది.

ఎత్తి రాసిన ప్రతి మాట పక్కనా అధ్యాయం అంకె వెయ్యి. తిరగరాశాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న