స్టాఫ్ రూమ్ ముచ్చట: వెనక బెంచీలో ఒకరు కూర్చోవాలి

(హనుమకొండలో ముప్పై రెండేళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మేడమ్, అధ్యాపకుల ఉత్తరాలకు జవాబులు రాసే శీర్షిక.)

ప్రశ్న: మేడమ్, పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. నాలుగేళ్లయింది. వారానికి పదహారు గంటల క్లాసులు, ఆ పైన నాక్ (కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చే సంస్థ) ఫైళ్లు, ఎగ్జామ్ డ్యూటీలు. క్లాసులో ఏమడిగినా డెబ్బై మందిలో ఒక్కరూ నోరు విప్పరు. ప్రమోషన్‌కు పరిశోధన పేపర్లు చాలవేమోనని టెన్షన్. ఆరు వేలు కడితే పది రోజుల్లో పేపర్ వేస్తామని ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఈ ఉద్యోగానికి నేను పనికిరానేమో. (ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, హనుమకొండ)

జవాబు: బాబూ, నువ్వు అంటాను, ఏమనుకోకు. నీ వయసు వాళ్లంతా నాకు స్టూడెంట్లే.

ముందు ఆ ఆరు వేల సంగతి. కట్టకు. పది రోజుల్లో వేస్తామన్నారంటే ఎవరూ చదవకుండానే వేస్తారని అర్థం. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2019లో తెచ్చిన కేర్ జాబితాను, అంటే నమ్మదగ్గ జర్నళ్ల పట్టికను, 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఏ జర్నల్ మంచిదో తేల్చుకునే బరువు ఇప్పుడు మన మీదా, మన యూనివర్సిటీల మీదా పడింది. రేపు ప్రమోషన్ కమిటీలో ఎవరైనా ఆ పేపర్ తీసి అడిగితే తల దించుకోవాల్సింది నువ్వే.

అసలు నీ భయం ఎంతవరకు నిజమో కాగితం మీద చూసుకున్నావా? 2018 యూజీసీ నిబంధనల్లో ప్రమోషన్‌లో మొదటి మెట్టు, అంటే జీతం లెవెల్ 10 నుంచి 11కి, పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు అడిగేది 4 ఏళ్ల సర్వీసు, 21 రోజుల ఓరియెంటేషన్ శిక్షణ, ఒక చిన్న కోర్సు, పీర్ రివ్యూ (తోటి నిపుణులు చదివి చూశాకే వేసే) జర్నల్‌లో ఒక పేపర్. ఒక్కటే! నువ్వేమో పది పేపర్ల భయం మోస్తున్నావు. ఆ నిబంధన ప్రింటు తీసి, మీ ఆఫీసులో ఇప్పుడు అమల్లో ఉన్నదానితో సరిచూసుకో. సగం నిద్ర అక్కడే తిరిగొస్తుంది.

ఇక డెబ్బై మంది మౌనం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ దెబ్బ నేనూ తిన్నాను.

ఉద్యోగంలో చేరిన తొమ్మిదో ఏడు. క్లాసులో నా గొంతు తప్ప ఇంకో చప్పుడు లేదు. పిల్లలకు బేసిక్స్ లేవని, తెలుగు మీడియం అని, బస్సుల్లో వచ్చి అలసిపోతారని స్టాఫ్ రూమ్‌లో అందరం ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. ఒకరోజు ఎందుకో మా ఫిజిక్స్ మేడమ్‌ని, "ఓసారి నా క్లాసులో కూర్చుంటారా?" అని అడిగేశాను. అడిగాక రాత్రంతా సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె వచ్చింది. చివరి బెంచీలో, కిటికీ పక్కన, ఒక పాత రికార్డు పుస్తకం ఒళ్లో పెట్టుకుని గంట సేపు ఏదో గీస్తూ కూర్చుంది. తర్వాత క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ చెప్పి ఆ పుస్తకం నా వైపు జరిపింది. ఒకే పేజీ. "ప్రశ్నలు 23. తనే జవాబు చెప్పుకున్నవి 21. ప్రశ్న వేశాక ఆగింది: ఒక్క సెకను."

"నీకు వాళ్ల జవాబు కావాలా, నీ గొంతు కావాలా?" అంది బజ్జీ తుంచుతూ. మంటెక్కిపోయింది నాకు, మిర్చి వల్ల కాదు.

చాలా రోజుల తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కదాని రోగం కాదని. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే టేపులు పెట్టి విని లెక్కగట్టింది. టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారు, దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయి, మాట్లాడేవాళ్లూ పెరుగుతారు. మూడు సెకన్లంటే చదవడానికి చిన్నదే. డెబ్బై మంది ముందు చేతిలో చాక్‌పీసు పట్టుకుని నిలబడితే అది కాజీపేట జంక్షన్‌లో లేటైన బండి కోసం చూసినంత పొడుగు.

ఫిజిక్స్ మేడమ్ వచ్చిపోయిన మరుసటి వారం టైట్రేషన్ (ఒక ద్రావణంలో ఇంకోటి చుక్కచుక్కగా కలిపి కొలిచే ప్రయోగం) చెబుతూ, "ఎండ్ పాయింట్, అంటే ఇక ఆపాల్సిన చోటు, వచ్చిందని మీకెట్లా తెలుస్తుంది?" అని అడిగి నోరు మూసుకున్నాను. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఫ్యాన్ కిర్రుమంటోంది. మూడో బెంచీలో ములుగు వైపు నుంచి వచ్చే అమ్మాయి, అప్పటిదాకా అటెండెన్స్‌కు తప్ప గొంతు వినిపించనిది, "ఊపినా గూడ పోని రంగు వస్తే, మేడమ్" అంది. అందులో రంగు చూపించడానికి వేసే ఫినాఫ్తలీన్ గులాబీ రంగు ఊపితే పోతూ ఉంటుంది కదా, ఒక చుక్కకు వచ్చి నిలుస్తుంది. నా నోట్స్‌లో దానికి నాలుగు లైన్ల ఇంగ్లిషు ఉంది. ఆ ఏడాది నుంచి నేనూ ఆ పిల్ల మాటే చెప్పాను.

కాబట్టి నువ్వు పనికొస్తావా రావా అన్నది రాత్రి రెండింటికి ఒంటరిగా తేల్చుకునే విషయం కాదు. నువ్వు నమ్మే ఒకరిని, నీ రిపోర్టు రాసే అధికారం లేని ఒకరిని, వెనక బెంచీలో కూర్చోబెట్టు. మార్కులు వేయొద్దను, ఒక్క విషయం మాత్రం లెక్కపెట్టమను. తర్వాత వాళ్ల క్లాసుకు నువ్వు వెళ్లు.

నిద్ర రెండు మూడు వారాలకు మించి ఇలాగే ఉంటే డాక్టర్‌కు చూపించుకో, వాయిదా వేయకు. 14416 అని టెలీ మానస్ నంబర్ ఉంది, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, రాత్రింబవళ్లు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ చేస్తే పిచ్చి అనుకుంటారని పాతకాలపు మాటలు పట్టించుకోకు. సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఎవరితోనైనా నడువు, నాక్ మాట ఎత్తకూడదని షరతు పెట్టుకుని.

(ఒకచోట ఒత్తిడి తగ్గించుకోవడంపై సెమినార్ పెట్టి, ఆదివారం అందరూ తప్పనిసరిగా రావాలని సర్క్యులర్ వేశారు. బయోమెట్రిక్ కూడా పెట్టారు. ఆ రోజు మాకు పెరిగిన బీపీ ఎవరూ కొలవలేదు.)

ప్రశ్న: పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద చెబుతున్నాను. ఇద్దరు పిల్లలు. ట్రైనింగులన్నీ రెగ్యులర్ వాళ్లకే. నాకు ఎదుగుదల అనే మాట వింటేనే నవ్వొస్తుంది. (ఒక లెక్చరర్, కరీంనగర్)

జవాబు: అమ్మా, మీకు ధైర్యం చెప్పే అర్హత నాకు తక్కువ. ఎందుకో చెబుతాను.

మా డిపార్ట్‌మెంట్‌లో మీలాంటి ఒకామె ఉండేది. ఆమెకు టేబుల్ లేదు. పుస్తకాలు ల్యాబ్‌లో గాజు సామాను బీరువా కింది అరలో, బీకర్ల పక్కన పెట్టుకునేది. లంచ్ బాక్స్ కిటికీ గట్టు మీద. నాలుగేళ్లు రోజూ చూస్తూ ఊరుకున్నాను. నా టేబుల్‌లో సగం ఖాళీ చేసి ఇవ్వడానికి పట్టింది పది నిమిషాలు. ఆ తర్వాతే మేమిద్దరం కలిసి ల్యాబ్ మాన్యువల్ రాశాం, కవర్ మీద ఇద్దరి పేర్లూ వేశాం.

అదే 2018 నిబంధనల్లో కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టుల్లో 10 శాతం దాటకూడదని, జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొత్తం నెల జీతానికి తగ్గకూడదని రాసి ఉంది. మీ ఖాతాలో పడేదాన్ని దాని పక్కన పెట్టి చూసుకోండి. తేడా మీ తెలివిలో ఉన్నది కాదు. అది అందరూ కలిసి అడగాల్సిన లెక్క, మీరొక్కరే యోగా చేసి సర్దుకునేది కాదు.

ఈలోగా ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వెబ్‌సైట్ 'స్వయం' పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. పిల్లలు పడుకున్నాక చదవండి అని మాత్రం నేను చెప్పను. ఒక సెమిస్టర్‌కు ఒకటి చాలు. మీరు చెప్పే పాఠానికి పనికొచ్చేదే తీసుకోండి.

ప్రశ్న: నేను ఈ మధ్యే డిపార్ట్‌మెంట్ హెడ్ అయ్యాను. కొత్తగా ముగ్గురు చేరారు. వాళ్లకు ఏ ట్రైనింగ్ పెట్టిస్తే బాగుంటుంది? (ఒక ప్రొఫెసర్, నిజామాబాద్)

జవాబు: సార్, ట్రైనింగ్ మంచిదే. 1987లో అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే అకడమిక్ స్టాఫ్ కాలేజీలు మొదలయ్యాయి, ఇప్పుడవి మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. నేనూ కాజీపేటలో గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉస్మానియాకు రిఫ్రెషర్ కోర్సుకు వెళ్లాను. అక్కడి ఉపన్యాసాలు ఒక్కటీ గుర్తులేవు. హాస్టల్ వరండాలో మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మేడమ్ డబ్బా తెరిచి సకినాలు పంచుతూ, ఫెయిలైన తన ప్రాక్టికల్ గురించి చెప్పి నవ్వించింది చూడండి, అది గుర్తుంది. పంపినప్పుడు ముగ్గురినీ మనస్ఫూర్తిగా పంపండి, రోజూ ఫోన్ చేసి ఫైలెక్కడుందని అడక్కండి.

మీ చేతిలో ఉన్న పెద్ద సాయం టైమ్‌టేబుల్. కొత్తవాళ్లకు ఏటా కొత్త పేపర్ (క్లాసులో చెప్పే సబ్జెక్టు) అంటగట్టకండి. ఒకే పేపర్ రెండేళ్లు వరసగా చెప్పనివ్వండి, రెండో ఏడు నోట్సు చేతికి లొంగుతుంది. సీనియర్లు వద్దన్న క్లాసులన్నీ వాళ్ల నెత్తిన పెట్టకండి. నాక్ ఫైలు ముగ్గురిలో ఎవరికీ ఒంటరిగా ఇవ్వకండి.

వాళ్ల క్లాసులో కూర్చునే ముందు, మీ క్లాసుకు వాళ్లను పిలవండి. సోమవారం మీ గది తలుపుకు మీ టైమ్‌టేబుల్ అంటించి, కింద "ఎవరైనా రావచ్చు" అని రాయండి. మొదటి రెండు వారాలు ఎవరూ రారు. మూడో వారం రావచ్చు, కాబట్టి వెనక బెంచీ దుమ్ము మాత్రం ముందే దులిపించి ఉంచండి.