ఎఫ్1లో ఒకే తప్పుకు ఒకరికి పెనాల్టీ పడి ఇంకొకరికి ఎందుకు పడదు?

మీరు అడిగింది ఇది: ఫార్ములా వన్‌లో ఒకేలా కనిపించే తప్పుకు శిక్షగా ఒకరి రేసు సమయానికి 5 సెకన్లు, ఇంకొకరికి 10 సెకన్లు కలుపుతున్నారు, మరొకరిని విచారణ కూడా లేకుండా వదిలేస్తున్నారు, తప్పుల మీద తీర్పు చెప్పే స్టీవార్డులు పెద్ద టీముల వైపు మొగ్గుతున్నారా అని. పక్షపాతం అని నేను అనుకోను. కానీ అన్యాయం జరుగుతోందా అంటే జరుగుతోంది, తరచుగానే జరుగుతోంది. అది ఎక్కడ పుడుతోందో చెప్పాలంటే నా పని గురించి కొంచెం చెప్పాలి.

మాది దేవరకొండ వైపు, స్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. ఏటా మండలం, జోన్, జిల్లా పోటీల్లో కబడ్డీకి ఎంపైరింగ్ చేస్తాను, అప్పుడప్పుడు మహబూబ్‌నగర్ వైపు టోర్నీలకూ పిలుస్తారు. కబడ్డీలో కాలు గీత దాటిందా లేదా అన్నదాని మీద పెద్దగా గొడవ ఉండదు. సెకండ్ హాఫ్ వచ్చేసరికి సున్నం గీత సగం చెరిగిపోయి ఉంటుంది, అయినా మడమ కింద తెల్లపొడి అంటిందా లేదా అని చూసి చెప్పేస్తాం, పిల్లలు కూడా ఒప్పుకుంటారు. గొడవంతా మనిషి అంచనా వేయాల్సిన దగ్గరే వస్తుంది. రైడర్‌ని ఆపినవాడు కావాలనే మెడ పట్టాడా, నడుముకు వేసిన చెయ్యి పైకి జారిందా? జిల్లా పోటీల్లో ఒకసారి ఇలాంటి పట్టుకే పొద్దున మ్యాచ్‌లో వేరే ఎంపైర్ గ్రీన్ కార్డు చూపించి వదిలేశారు, మధ్యాహ్నం మ్యాచ్‌లో నేను అదే జట్టులో ఇంకో కుర్రాడికి ఎల్లో కార్డు ఇచ్చి రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాను. వాడు కోర్టు పక్కన మోకాళ్ల మట్టి దులుపుకుంటూ అడిగాడు: "సార్, పొద్దుగాల గా సార్ మావోణ్ని పచ్చ కార్డుతోని ఇడిశిపెట్టిండు గదా, గిప్పుడు నేనేం ఎక్కువ చేసిన?" మేమిద్దరం నియమం ప్రకారమే ఇచ్చాం, ఆ రెండు కార్డుల్లో ఏది ఇవ్వాలన్నది ఎంపైర్ విచక్షణే. కానీ పట్టు వేసే ముందే దీనికి ఎంత పడుతుందో ఆడేవాడికి తెలిసి ఉండాలి కదా. ఎఫ్1లో డ్రైవర్లు ఏళ్లుగా అడుగుతున్నది కూడా ఇంతే.

రేసింగ్‌లో కూడా కొలిచే తప్పులు వేరు, అంచనా వేసే తప్పులు వేరు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగితే చూడటానికి వెళ్లాను. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. సెబాస్టియన్ బుయెమి మూడో స్థానంలో గీత దాటాడు గానీ, అనుమతించినదాని కంటే ఎక్కువ పవర్ వాడాడని 17 సెకన్లు కలిపేసరికి పాయింట్లలో కూడా లేకుండా పోయాడు, మూడో స్థానం డ కోస్టాకు వెళ్లింది. పెద్ద దెబ్బే, కానీ సెన్సర్ చెప్పిన లెక్క మీద ఎవరేం వాదిస్తారు? టైర్లు మార్చుకోవడానికి వెళ్లే పిట్ లేన్‌లో స్పీడ్ కూడా ఇలాంటిదే. ఇలాంటి వాటిలో స్టీవార్డుల మీద అనుమానం రాదు.

రెండు కార్లు పక్కపక్కన మలుపులోకి దిగినప్పుడే అసలు సమస్య. 2021లోనే రెండు సంఘటనలు తీసుకోండి, విచిత్రంగా రెండూ ఆయా ట్రాక్‌లలో నాలుగో మలుపు దగ్గరే జరిగాయి. ఆస్ట్రియాలో పెరెజ్ బయటి వైపు నుంచి దాటబోతే నోరిస్ అతనికి చోటు వదల్లేదు, పెరెజ్ కంకరలోకి వెళ్లి చాలా స్థానాలు పోగొట్టుకున్నాడు, నోరిస్‌కు 5 సెకన్లు పడ్డాయి. అదే ఏడాది బ్రెజిల్‌లో హామిల్టన్ బయటి వైపు నుంచి దాటబోతే వెర్‌స్టాపెన్ బ్రేక్ ఆలస్యంగా వేసి ఇద్దరూ ట్రాక్ బయటికి పోయారు, అక్కడ విచారణే లేదు. తర్వాత హామిల్టన్ టీము మెర్సిడెస్ కొత్త వీడియోతో పునఃపరిశీలన అడిగితే అదీ తోసిపుచ్చారు. ఈ రెండింటికీ నాకు కనిపించే పెద్ద తేడా ఒక్కటే. ఆస్ట్రియాలో బయట కంకర ఉంది, బ్రెజిల్ ట్రాక్ ఇంటర్‌లాగోస్‌లో తారు ఉంది. కంకరలో పడినవాడు నష్టపోయాడు, తారు మీదికి వెళ్లినవాడు తిరిగొచ్చి కొన్ని ల్యాపుల తర్వాత దాటేసి రేసే గెలిచాడు. పర్యవసానం చూడం, తప్పునే చూస్తాం అని అధికారులు అంటూ వచ్చారు గానీ, మనిషి కంటికి పర్యవసానమే ముందు కనిపిస్తుంది. ఎంపైరింగ్ చేసే ఎవరినైనా అడగండి, కిందపడినవాడు లేవకపోతే చెయ్యి దానంతటదే కార్డు కోసం జేబులోకి పోతుంది.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి ఉంది, దాని గురించి జనం తక్కువ మాట్లాడతారు. కాగితం మీద పెనాల్టీ ఒకటే అయినా రేసులో దాని బరువు ఒకటి కాదు. 2021 సిల్వర్‌స్టోన్‌లో మొదటి ల్యాప్‌లో కాప్స్ మలుపు దగ్గర హామిల్టన్ తగిలి వెర్‌స్టాపెన్ గోడను గుద్దుకున్నాడు, 51జీ దెబ్బ, అంటే భూమి ఆకర్షణకు 51 రెట్లు, పరీక్షలకు ఆసుపత్రికి తీసుకెళ్లారు. హామిల్టన్‌కు 10 సెకన్లు పడ్డాయి, పిట్‌లో అంతసేపు ఆగి ఆ శిక్ష తీర్చుకుని చివర్లో లెక్లెర్‌ను దాటి గెలిచాడు. ఇప్పుడు 2023 ఆస్ట్రేలియా చూడండి. చివర్లో ఆపిన రేసును మళ్లీ మొదలెట్టినప్పుడు, ఆ రీస్టార్ట్‌లో సైన్జ్ అలోన్సోను తగిలాడు, శిక్ష 5 సెకన్లే, అంటే సిల్వర్‌స్టోన్‌లో పడినదాంట్లో సగం. కానీ రేసు, అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వెనకాల ముగిసింది, కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి అంటుకుని ఉన్నాయి, ఆ 5 సెకన్లతో సైన్జ్ నాలుగో స్థానం నుంచి పన్నెండుకు పడిపోయాడు. రేడియోలో బతిమాలాడు పాపం, నా వాదన విన్నాకే నిర్ణయం తీసుకోండి అని. అదే రీస్టార్ట్‌లో గ్యాస్లీ, ఒకాన్ ఢీకొని ఇద్దరూ రేసు నుంచి అవుటయ్యారు, దానికి శిక్షే లేదు. ఇది చూసినవాడు పక్షపాతం అనకుండా ఎలా ఉంటాడు?

ఇంకా కొందరికి పెనాల్టీ భారమే కాదు. 2024 జెడ్డాలో మాగ్నుసెన్‌కు రెండుసార్లు పదేసి సెకన్లు పడ్డాయి, తన రేసు ఎలాగూ పోయిందని వెనక కార్లన్నింటినీ ఆపుతూ నడిపాడు, ఆ సందులో టీమ్‌మేట్ హుల్కెన్‌బర్గ్ పదో స్థానం సంపాదించాడు. టీముకు పాయింట్ వచ్చింది. తప్పు చేస్తే లాభం వచ్చిందన్నమాట. చివరికి అదే మాగ్నుసెన్ ఇటలీలోని మోంజాలో గ్యాస్లీని చిన్నగా తగిలినందుకు రెండు పెనాల్టీ పాయింట్లు పడి, ఏడాదిలో మొత్తం 12 అయితే నిషేధం కాబట్టి, ఒక రేసు నిషేధం అనుభవించాడు. దెబ్బ తిన్న గ్యాస్లీనే అదేం పెద్ద విషయం కాదన్నాడు. అసలు తప్పు చేసినప్పుడు శిక్ష తగల్లేదు, తగలాల్సిన అవసరం లేనప్పుడు తగిలింది.

బైక్ రేసుల మోటోజీపీలో 2019 నుంచి లాంగ్ ల్యాప్ అనే పద్ధతి ఉంది. తప్పు చేసినవాడు ట్రాక్ పక్కన గీసిన పొడవాటి దారిలో ఒకసారి తిరిగి రావాలి. కాసేపట్లోనే తీరిపోతుంది, ఎవరికైనా దాదాపు అంతే సమయం పోతుంది, స్థానం అక్కడికక్కడే మారుతుంది. పిట్‌కి వచ్చేదాకానో, రేసు అయిపోయేదాకానో లెక్క వాయిదా వేయడం కంటే ఇది చాలా మెరుగు. కార్లకు ఇలాంటి దారి గీయడం అన్ని ట్రాక్‌లలో కుదరదు, మొనాకోలో ఎక్కడ గీస్తారు? కానీ కుదిరిన చోటైనా పెట్టొచ్చు. అంతకంటే తేలికైంది స్థానం వెనక్కి ఇప్పించడం. ట్రాక్ బయటి నుంచి దాటావా, రెండు ల్యాపుల్లో తిరిగి ఇచ్చెయ్. 2024 ఆస్టిన్‌లో నోరిస్ వెర్‌స్టాపెన్‌ను ట్రాక్ బయటి నుంచి దాటినందుకు 5 సెకన్లు పడి మూడో స్థానం పోయింది, నోరిస్‌ను బయటికి నెట్టుకుంటూ వెర్‌స్టాపెన్ కూడా బయటికే పోయాడు, అతనికి ఏమీ లేదు. వారం తర్వాత మెక్సికోలో అదే ఇద్దరి మధ్య గొడవకు వెర్‌స్టాపెన్‌కు రెండుసార్లు పదేసి సెకన్లు. వారంలో ఎంత మారింది! నియమం మారలేదు, కూర్చున్న మనుషులు మారారు.

ఆ మాటకొస్తే స్టీవార్డులు జీతానికి పనిచేసేవాళ్లు కాదు, రేసుకో బృందం వస్తుంది, అందులో ఒక మాజీ డ్రైవర్ ఉంటాడు. వాళ్ల నిజాయితీ మీద నాకు అనుమానం లేదు, మా జోన్ పోటీల్లో ఎంపైర్లు ఎలా మారతారో అక్కడా అలాగే మారుతున్నారు, అంతే. 2025 జూన్‌లో ఎఫ్1 నియమాలు చూసే సంస్థ ఎఫ్ఐఏ తన మార్గదర్శకాలను బయటపెట్టింది. లోపలి నుంచి దాటేవాడి ముందు చక్రం మలుపు మధ్యకు వచ్చేసరికి పక్క కారు అద్దం వరకైనా ఉండాలి, బయటి నుంచి అయితే పక్క కారు ముందు చక్రం కంటే ముందుండాలి. బయటపెట్టడం మంచిదే. కాకపోతే ఇలా రాసినప్పుడు డ్రైవర్లు మలుపు తిరగడానికి కాకుండా ఆ మధ్య బిందువుకు ముందుగా చేరడానికే బ్రేక్ వదిలేస్తారు, చేరాక బయటికి పోయినా నాదే హక్కు అంటారు. అందుకే కారు ట్రాక్ లోపలే మలుపు తిరగగలగాలి అన్న షరతును మిగతా అన్నింటికంటే పైన పెట్టి కఠినంగా చూడాలి.

ఇది వచ్చాక కూడా నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో సైన్జ్‌కు, లాసన్‌కు మధ్య తగిలినదానికి సైన్జ్‌కు 10 సెకన్లు, రెండు పాయింట్లు వేశారు. సైన్జ్ టీము విలియమ్స్ కొత్త కెమెరా దృశ్యాలతో వెళ్తే అది ఫలానావాడి తప్పని చెప్పలేని రేసింగ్ సంఘటన అని ఒప్పుకుని పాయింట్లు తీసేశారు. సెకన్లు మాత్రం రేసులోనే తీరిపోయాయి, వాటిని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

కాబట్టి నన్నడిగితే, సీజన్ మొత్తానికి ఒకే బృందం, జీతం ఇచ్చి, కూర్చోబెట్టాలి. ఒకే బృందమైతే ఏదో డ్రైవర్ మీద కోపం పెట్టుకుంటుందేమో అని మీరు అడగొచ్చు. పెట్టుకుంటే ఐదారు రేసుల్లో అందరికీ కనిపించిపోతుంది, ప్రతి నిర్ణయం కిందా అవే పేర్లు ఉంటాయి కదా. ఇప్పుడున్న పద్ధతిలో ఆస్ట్రియా నిర్ణయానికి బ్రెజిల్‌లో కూర్చున్నవాళ్లు జవాబుదారీ కాదు.